మెరుగు పెట్టని పట్టకారు

మౌనేశాచారి చీమకు ముక్కుపుడక చేశాడని మా మనవళ్లకు చాలా ఏళ్లు చెప్పాను. ఆ చీమ పేరంటానికి పోతూ దారిలో చక్కెర పలుకు ఎత్తబోయి పుడక జారవిడుచుకుందని, ఏడుస్తూ వస్తే ఆచారి ఇంకొకటి చేసిచ్చాడని కూడా చెప్పాను. పిల్లలు పెద్దవాళ్లై నమ్మడం మానేశారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో చీమ రాదు. నేను కల్పించి చెప్పిన నాలుగు మాటల వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఇది. అందుకే ఇందులో కల్పన కలపడానికి నాకు చేయి రాలేదు.

కర్నూలు పాతబస్తీలో మాది పుస్తకాలు, పలకలు, కాగితాలు అమ్మే అంగడి. దానికి సరిగ్గా ఎదురుగా ఆచారి గది. ఆరడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు, కింద కడప బండ. ముందు వాలుగా ఉండే చెక్కపెట్టె, పక్కన కుంపటి, వెనక చిన్న కొలిమి. ఆచారి పెట్టె వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, ఆయన భార్య రామేశ్వరమ్మ కొలిమి దగ్గర తిత్తి ఊదేది. వాళ్లకు పిల్లలు లేరు. పెళ్లైన మూడో నెల నుంచి ముప్పై రెండేళ్లు ఆమె ఆ తిత్తి ముందే కూర్చుంది. బొగ్గుల పొగ ఆమె ఛాతీలోకి చేరి గూడు కట్టుకుంది. ఆమె నవ్వితే నవ్వు వెనకే దగ్గు వచ్చేది.

ఆచారికి ఒక పట్టుదల ఉండేది. ఏ వస్తువైనా సరే, మెరుగు పెట్టకుండా చేతి నుంచి దిగనిచ్చేవాడు కాదు. కమ్మ మర తెగిందని తెచ్చినా, మర అతికి, కమ్మనంతా కుంకుడు రసంలో తోమి, ఎర్రటి పొడి వేసి రుద్ది, నున్నటి రాయితో దిద్ది, కళ్లకద్దుకుని, గులాబి రంగు పలుచటి కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఒకసారి మా ఇనుప బీరువా తాళంచెవి విరిగితే అతికి ఇచ్చాడు. అది కూడా గులాబి కాగితంలోనే వచ్చింది. విప్పితే వెండి తాళంచెవిలా ఉంది. వాళ్ల నాయన ఆదోని నుంచి వచ్చి ఈ గదిలో కూర్చున్న రోజు నుంచి అంతే. మెరుగు లేని వస్తువు బయటికి పోతే ఇంటి ఆడపిల్లను తల దువ్వకుండా పంపినట్టుగా బాధపడేవాడు.

రెండు వేల రెండు, మూడు నాటికి మిషన్ల మీద చేసిన నగలు బొంబాయి నుంచి, కోయంబత్తూరు నుంచి పెట్టెలకు పెట్టెలు దిగాయి. సందులో ఆరుగురు కంసాలులుండేవాళ్లు. ఇద్దరు సెల్‌ఫోన్ల అంగళ్లు పెట్టారు, ఒకాయన ఆటో కొన్నాడు. ఆచారి మాత్రం పొద్దున్నే వచ్చి కుంపటి రాజేసి, ఎవరూ రాకపోయినా సాయంత్రం దాకా కూర్చునేవాడు.

"పని లేకుంటే కుంపటి ఎందుకప్పా, బొగ్గులు దండగ," అన్నాను ఒకరోజు.

"ఆర్పితే మళ్లా రాజుకోదేమోనని భయం సెట్టీ," అన్నాడు.

అట్లాంటి రోజుల్లో డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ స్కూటర్ మా రెండంగళ్ల మధ్య ఆగింది. స్టేషన్ రోడ్డులో కొత్తగా నర్సింగ్‌హోం పెట్టిన సర్జన్. కడుపును నిలువునా కోయకుండా, నాలుగు చిన్న చిల్లులు పెట్టి, ఒక చిల్లులో కెమెరా, దీపం దించి, టీవీలో చూసుకుంటూ పిత్తాశయం తీసేస్తాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. జనం దాన్ని టీవీ ఆపరేషన్ అనేవాళ్లు. మా అంగట్లో ఒకాయన, అట్లయితే మధ్యలో వార్తలు వస్తే ఎట్ల అని అడిగాడు. ఆ మాట నాది కాదు, నిజంగానే అడిగాడు.

డాక్టరు వచ్చింది తన భార్య కమ్మల మర కోసం. ఆచారి కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుక మందం సీల బిగించడం ఆయన నిలబడి చూశాడు. మరునాడు మళ్లీ వచ్చి ఒక పొడవాటి వస్తువు చెక్కపెట్టె మీద పెట్టాడు. మూరెడు పొడవు, పెన్సిలు కంటే సన్నం. ఒక చివర కత్తెర పిడిలాంటి పిడి, ఇంకో చివర వంకర తిరిగిన పిట్ట ముక్కులాంటి నోరు. పిడి నొక్కితే నోరు మూసుకుంటుంది.

ఆచారి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఏడెనిమిది సార్లు నోరు తెరిచి మూశాడు.

"నోటికాడ సీల అరిగిపోయినాది సార్. ఇది యాడ వాడేది?"

"మనిషి కడుపులో."

"ఏ మనిషి?"

డాక్టరు నవ్వాడు. "ఎవరికి అవసరమైతే వాళ్ల కడుపులో. చెన్నైకి పంపితే మూడు వారాలు పడుతుంది ఆచారిగారూ. అన్ని రోజులు పేషెంట్లను ఎట్ల ఆపేది?"

ఎముకల డాక్టర్లు వాడే ఉక్కు తీగ ముక్క ఒకటి, వస్తువుతో వచ్చిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఆచారి ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"సెట్టీ, నువ్వు సిస్టరమ్మల బడిలో చదివినావు కదా. ఏమి రాసినారో చూడప్పా."

నేను కాగితం తీసుకుని, ఆయన గదికే వెళ్లి, గడప మీద కూర్చుని చదివాను. మాకు ఇంగ్లీషు చెప్పిన సిస్టరమ్మ స్కేలు బల్ల మీద కొడుతూ, మాట మాటకూ గొంతు పెంచుతూ చదివేది. నేనూ ఆ గొంతుతోనే మొదలుపెట్టి, వరుస వరుసకూ తెలుగులో చెప్పాను. ఏ భాగం ఎట్లా విప్పాలి, దేంతో కడగాలి, నూనె ఎక్కడ వేయాలి. నాలుగు వరుసలు సరిగ్గానే చెప్పాను. అప్పటికి ఆచారి రెప్ప వేయకుండా నా వైపే చూస్తున్నాడు. వెనక రామేశ్వరమ్మ తిత్తి ఆపి వింటోంది. అంత శ్రద్ధగా వినేవాళ్లు దొరికితే నా నోరు ఊరుకోదు.

"జర్మనీ చక్రవర్తి గొంతులో చేపముల్లు ఇరుక్కున్నప్పుడు ఆయన ఆస్థాన కంసాలి మొట్టమొదట ఈ పట్టకారు చేసెను," అని చదివాను. "ఆ కంసాలికి ఏడుగురు అత్తలు. ఏడుగురి ముందు నిలబడి అలవాటైనందున అతని చేయి ఎన్నడూ వణకలేదు."

"ఏడుగురత్తలా!" అంది రామేశ్వరమ్మ. "అట్లయితే చెవులు కూడా వినపడవులే వానికి." నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. ఆచారి లేచి నీళ్లిచ్చాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు. ఆ గదిలో నవ్వు విని చాలా నెలలైంది. నేను కాగితం మడిచి ఇచ్చేశాను.

ఐదో వరుసలో ఏముందో నా కన్ను చూసింది. పరికరం మొన బయటి భాగాన్ని కావాలనే మసకగా ఉంచామని, లోపలి దీపపు వెలుగు దాని మీద పడి తిరిగి కొట్టకుండా ఉండేందుకే అలా చేశామని, దానికి ఎలాంటి మెరుగూ పెట్టకూడదని ఉంది. చప్పటి మాట అనిపించి దాన్ని దాటేసి చక్రవర్తి దగ్గరికి పోయాను.

రెండేళ్లు ఆ దాటవేత వల్ల ఏమీ కాలేదు. డాక్టరు వస్తువు పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుపోయేవాడు. ఆచారి సీల మార్చి, పిడి బిగించి, మెరుగుకు టైము లేదని గొణుక్కుంటూ ఇచ్చేవాడు. పని మాత్రం నిలబడింది. ఒకరోజు కోడుమూరు పక్క నుంచి సిద్దమ్మ అనే మనిషి చెనిక్కాయల మూట నెత్తిన పెట్టుకుని సందులోకి వచ్చింది.

"నా కడుపులో దూరిన పట్టకారు బాగు చేసింది నువ్వేనంట కదప్పా?"

ఆచారి తడబడి, "అవునమ్మా, ఏమైనా తప్పు జరిగినాదా?" అన్నాడు.

"తప్పేంది? పదైదు దినాలకే చేన్లోకి దిగినా. మా వదినకు పాత పద్ధతిలో కోసి మూణ్ణెల్లు మంచానికి కట్టేసినారు. నాకు ఇంతే," అని బొటనవేలి గోరు చూపించింది. మూట దించి, "కాయలు కొత్తవి, ఉడకబెట్టుకోండి," అని రామేశ్వరమ్మకు ఇచ్చింది. ఆమె వెళ్లిపోయాక కూడా రామేశ్వరమ్మ తన బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చుంది.

ఆచారి ఒకసారి తన పట్టకారు లోపల ఎట్లా పనిచేస్తుందో చూస్తానంటే డాక్టరు నర్సింగ్‌హోంలో క్యాసెట్ వేసి చూపించాడు. నేనూ వెంట ఉన్నాను. టీవీ నిండా ఎర్రటి, పసుపుపచ్చటి గుహ. అందులోకి ఆచారి పట్టకారు వచ్చింది. బియ్యపు గింజంత ఉండే నోరు గుమ్మం తలుపంత కనిపించింది. ఆచారి ముందుకు వంగాడు.

"సార్, అది నేను బాగు చేసిందేనా?"

"అదే."

"అంత మురికిగా ఉండాదే!"

"మురికి కాదు ఆచారిగారూ, అది అట్లనే..." అంటుండగా డాక్టరుకు ఫోన్ వచ్చింది. లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వస్తూ ఆచారి నా ముందు వడివడిగా నడిచాడు. మా సందు మలుపులో ఆగి, "కడుపులోకి పోయేది, ఎవరు చూస్తార్లే అనుకున్నా సెట్టీ," అన్నాడు. "చూస్తాండారు. గోడంత చేసి చూస్తాండారు. నా చేతి నుంచి అట్లాంటి వస్తువు ఎప్పుడూ పోలేదు."

రెండు వేల ఐదు జులైలో రామేశ్వరమ్మకు కుడి పక్కటెముక కింద నొప్పి వచ్చింది. అన్నం తింటే నొప్పి, ఆ మీదట జ్వరం. పదిహేను రోజుల్లో రెండుసార్లు. డాక్టరు పరీక్షలన్నీ చేసి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. పిత్తాశయం నిండా రాళ్లు, వాపు కూడా ఉంది. ఎక్కువ రోజులు ఆగకూడదు. అయితే అసలు భయం అది కాదు, ఆమె ఛాతీ.

"పెద్ద కోత పెడితే ఆ కుట్ల నొప్పికి ఆమె దగ్గలేదు. దగ్గకపోతే కఫం లోపలే నిలిచిపోతుంది. ఆ ఊపిరితిత్తులతో అది తట్టుకుంటుందని నేను చెప్పలేను. చిల్లుల ఆపరేషనే దారి. కానీ పిత్తాశయపు నాళం వెనకకు తిప్పి పట్టుకునే వంకర పట్టకారు నాకు ఒకటే ఉంది. పోయిన వారం దాని నోరు వంగిపోయింది. కొత్తది రావడానికి ఇరవై రోజులు. మీరు హైదరాబాద్ పోండి, నేను రాసిస్తాను."

ఆచారి తల ఊపాడు. రామేశ్వరమ్మ ఊపలేదు.

"ఆ వంగిపోయింది ఈయన బాగు చేయలేడా సార్?"

"చేయగలడేమో. కానీ నీ విషయంలో..."

"ఊరోళ్ల కడుపుల్లోకి పోయిన పట్టకారు నా కడుపులోకి పోకూడదా? నేను హైదరాబాద్ పోతే రేపు ఈయనను ఎవరు నమ్ముతారు? సొంత పెండ్లానికే పనికిరాలేదంట అనరా?" అని మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, చేస్తావా చేయవా?"

"చేస్తా," అన్నాడు ఆచారి. డాక్టరు నాలుగు రోజులు టైమిచ్చాడు.

మొదటి రెండు రోజుల్లో ఆయన పట్టకారు నోరు సరిచేశాడు. కాగుతున్న ఉక్కు రంగు చూసి ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. వంపు తిప్పి, పళ్లు ఆకురాయితో దిద్ది, కొత్త సీల బిగించాడు. పలుచటి కాగితం నోట్లో పెట్టి నొక్కితే చిరగకుండా పట్టుకుంది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆకురాయి గీతలు పడ్డాయి. ఇంకా రెండు రోజులు చేతిలో ఉన్నాయి. టీవీలో చూసిన ఆ మసక వస్తువు ఆయన కళ్ల ముందే ఉంది. ఇప్పుడది పోయేది రామేశ్వరమ్మ లోపలికి.

రోడ్డుకు ఇవతల నుంచి నేను అంతా చూశాను. ఎర్రటి పొడి, మెత్తటి గుడ్డ, నున్నటి రాయి. రెండు రోజులు తల ఎత్తలేదు.

"ఏం ఆచారీ, పెళ్లికూతురికా?" అని కేకేశాను.

"ఈ పారి పెళ్లికూతురికేలే సెట్టీ," అన్నాడు.

నాకు ఐదో వరుస గుర్తుకు రాలేదు. రెండేళ్ల కింద చూసి వదిలేసిన మాట. గుర్తుకు రాలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా నన్ను నేనే సగం మాత్రమే నమ్ముతాను.

ఆపరేషన్ రోజు పొద్దున ఎనిమిదింటికి నర్సు యామిని ఆ గులాబి కాగితం పొట్లం విప్పి, "అబ్బ, అద్దం మాదిరి ఉండాది!" అని, కడిగి శుద్ధి చేయడానికి తీసుకుపోయింది. తొమ్మిదికి రామేశ్వరమ్మను లోపలికి తీసుకుపోయారు. పోతూ పోతూ, "కుంపటి ఆర్పి వచ్చినావా?" అని అడిగింది ఆయనను. ఆయన సమాధానం చెప్పేలోగా తలుపు మూసుకుంది. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

ముప్పావు గంట తర్వాత తలుపు తెరుచుకుని డాక్టరే బయటికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఆచారిగారూ, దీనికి ఏం చేసినారు?"

ఆచారి లేచి నిలబడ్డాడు. "మెరుగు పెట్టినాను సార్."

"లోపల మనకు ఒకటే దీపం. ఆ వెలుగు మీ మెరుగు మీద పడి నేరుగా కెమెరాలోకి కొడుతోంది. టీవీ అంతా తెల్లగా మండిపోతోంది. పట్టకారు దగ్గరికి తెచ్చినప్పుడల్లా నాళం ఏదో, రక్తనాళం ఏదో కనపడటం లేదు. కనపడకుండా పట్టుకోను. తిన్నటి పట్టకార్లున్నాయి, అవి వెనకకు తిరగవు. కడుపులో నింపిన గ్యాస్ వదిలేసి ఆపేశాను. మత్తు డాక్టరు నలభై నిమిషాలు ఆగుతానన్నాడు. ఆమె ఛాతీతో అంతకంటే ఆగలేడు. ఆ తర్వాత పెద్ద కోత పెట్టాల్సిందే."

పెద్ద కోత అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

"మెరుగు తీసేస్తే?" అన్నాడు ఆచారి.

"మళ్లీ శుద్ధి చేసే మందులో ఇరవై నిమిషాలు నానాలి. కడగడానికి ఐదు. మీకు మిగిలేది పదైదు. అంతలో అవుతుందా?"

ఆచారి చేయి చాపాడు. అంతే.

పనిముట్లన్నీ సందులో ఉన్నాయి. పోయి రావడానికే ఇరవై నిమిషాలు. నర్సింగ్‌హోం పెరట్లో దుప్పట్లు ఉతికే కడప బండ ఒకటి, పైఅంతస్తు కట్టడానికి తెచ్చిన తుంగభద్ర ఇసుక కుప్ప ఒకటి ఉన్నాయి. ఆచారి పిడికెడు ఇసుక తీసి, తన పంచె కొంగులో వేసి జల్లించాడు. కొంగు కింద బండ మీద పిండిలాంటి ఇసుక రాలింది. బండ మీదున్న బట్టల సబ్బు గిల్లి, పట్టకారు కీలులోకి ఇసుక దూరకుండా సందులన్నిటిలో ఆ సబ్బు కూరాడు. ఇసుక మీద నీళ్లు చల్లి, పట్టకారు నోరు మూసి పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నా పని అదొక్కటే. "మూడు," అన్నాను. "ఐదు," అన్నాను. ఇసుకలో ఉక్కు రాసుకునే చప్పుడు. నలభై ఏళ్లు వస్తువుకు వెలుగు తేవడమే తెలిసిన చేతులు. ఇప్పుడు రెండు రోజులు పోసి తెచ్చిన వెలుగును చంపుతున్నాయి. ఒక పక్క మసకబారితే ఇంకో పక్క ఇంకా మెరుస్తోంది. వంపు లోపలికి బండ అందలేదు. ఆయన వేలికొసకు తడి ఇసుక అద్దుకుని, వేలితోనే రుద్దాడు. ఎనిమిదో నిమిషంలో వేలి నుంచి రక్తం వచ్చింది. నీళ్లు పోసుకుని రెండో వేలు పెట్టాడు.

"ఇంకా యాడన్నా మెరుస్తాందా చూడు సెట్టీ. నా కళ్లు సరిగా కనపడటం లేదు."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నేను ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాను. "కొనకాడ, ఎడమ పక్క," అన్నాను. అక్కడ రుద్దాడు. మళ్లీ చూశాను. ఎండ దాని మీద పడి అక్కడే ఆగిపోయింది. పదమూడు నిమిషాలు.

అప్పుడే నాకు ఐదో వరుస గుర్తుకు వచ్చింది. కాగితం మీద అది ఎక్కడుందో, దాని కింద నేను చక్రవర్తిని ఎక్కడ నిలబెట్టానో అన్నీ గుర్తుకు వచ్చాయి.

యామిని వచ్చి పట్టకారు తీసుకుపోయింది. విప్పి, బ్రష్షుతో తోమి, సిరంజితో నీళ్లు కొట్టి సబ్బునూ ఇసుకనూ కడిగి, మందులో ముంచింది. ఇరవై నిమిషాలు. ఆచారి బెంచీ మీద కూర్చోలేదు. పెరట్లోకి పోయి, చిందిన ఇసుకంతా అరచేత్తో ఊడ్చి కుప్పలో కలిపాడు. బండ కడిగాడు. సబ్బును తీసిన చోటే పెట్టాడు.

పన్నెండు గంటలకు కొంచెం ముందు డాక్టరు బయటికి వచ్చాడు. మాస్కు తీసి, గోడకు ఆనుకున్నాడు.

"ఈసారి మీ పట్టకారు నాకు కనపడలేదు ఆచారిగారూ. నాళమే కనపడింది. అయిపోయింది. నాలుగు చిల్లులే."

ఆచారి రెండు చేతులూ జోడించబోయి, వేళ్లకు చుట్టిన గుడ్డ చూసి, వెనక్కి దాచుకున్నాడు.

సాయంత్రం రామేశ్వరమ్మ కళ్లు తెరిచి మొగుడి వేళ్లు చూసింది. "ఎవురితో కొట్లాడినావు?" అని అడిగింది. దగ్గు వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని దగ్గింది. దగ్గగలిగింది. తలుపు దగ్గర నిలబడి ఆ దగ్గు విన్నాను. అంతకు ముందు ఎన్నేళ్లుగా విన్న దగ్గో అది.

ఆచారి ఆ తర్వాత మూడేళ్లకు పైగా బతికాడు. కర్నూలు డాక్టర్లే కాక నంద్యాల నుంచి, కడప నుంచి కూడా బస్సు కండక్టర్ల చేతికిచ్చి పట్టకార్లు పంపేవాళ్లు. నగలు గులాబి కాగితంలో, డాక్టర్ల వస్తువులు పాత వార్తాపత్రికలో. ఆ రెండూ ఒకే పెట్టెలో పెట్టేవాడు కాదు. నా చేత వస్తువు ఎండలో తిప్పించి, ఎక్కడా మెరవలేదని అనిపించుకున్నాకే పంపేవాడు. కొత్త వస్తువుతో కాగితం వస్తే మునుపటిలాగే రోడ్డు దాటి నా దగ్గరికే తెచ్చేవాడు. నేను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాణ్ని. ఒక్కొక్క వరుస రెండుసార్లు.

"ఏం సెట్టీ, ఈ కంసాలికి అత్తలు లేరా?" అనేవాడు.

"లేరప్పా."

"పాపం," అనేవాడు.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. వేళ్ల మీద మచ్చలు చూసినప్పుడల్లా అనుకున్నాను. చెప్పలేదు. రెండు వేల తొమ్మిది జనవరిలో, పొద్దున పెట్టె ముందు కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుంటూ ఒరిగిపోయాడు. గుండె అన్నారు. కుంపటి ఆ రోజు రామేశ్వరమ్మే ఆర్పింది.

ఆ ఏడే అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికి వచ్చింది. మా సందులో కప్పుల దాకా నీళ్లు. నీళ్లు దిగాక మోకాలి లోతు బురద. నా అంగట్లో పుస్తకాలన్నీ ఒకటే ముద్దైపోయాయి. పార తీసుకుని ముందు ఎదురు గదికి పోయాను. రామేశ్వరమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, తట్టతో బురద ఎత్తిపోస్తోంది. గోడ మీద నీటి గీత మా తలల కంటే ఎత్తున ఉంది. మిద్దె మీదికి ఎక్కేటప్పుడు ఆమె తీసుకుపోయింది ఒకటే, ఆచారి పనిముట్ల పెట్టె. అది మెట్ల మీద ఆరుతోంది.

ఇద్దరం మధ్యాహ్నం దాకా బురద తీశాం. చేతులు తీరిక లేకుండా ఆడుతూ ఉంటే నోరు తేలికవుతుందేమో. పార ఆపకుండానే అంతా చెప్పేశాను. ఐదో వరుస, చక్రవర్తి, చేపముల్లు, అన్నీ. "ఆ రోజు నువ్వు చచ్చిపోయి ఉంటే చంపింది నేనేనమ్మా," అన్నాను. "ఆచారి తన చెయ్యే తప్పు చేసిందని అనుకుంటూ పోయినాడు. ఆయనకు చెప్పలేకపోయినా."

ఆమె తట్ట కింద పెట్టి, చేతులు కడుక్కుని, మెట్ల మీది పెట్టె తెరిచింది. అడుగున గులాబి కాగితంలో చుట్టిన మడత ఒకటి తీసి నాకిచ్చింది. విప్పితే ఆ ఇంగ్లీషు కాగితం. అంచులు తడిసి పసుపుపచ్చగా మారాయి. ఐదో వరుస కింద గీత గీసి ఉంది. పెన్సిలు గీత కాదు. బంగారు రేకు మీద కొలత గీసుకునే సూదితో, కాగితం తెగకుండా గీసిన గీత.

"నా కుట్లు విప్పిన దినమే యామిని నర్సుతో చదివించుకున్నాడు," అంది. "ఇంటికొచ్చి నాకు చెప్పినాడు. సెట్టికి తెలిసినట్లు కనపడొద్దు, తెలిస్తే ఇంక మన గడప తొక్కడు అన్నాడు."

నేను ఎండలోకి జరిగి ఆ గీత మళ్లీ చూశాను.

"నాకు మాత్రం కోపమొచ్చినాదన్నా," అంది. "ఒక ఏడాది ఉండింది. నువ్వు ప్రతి కాగితం రెండేసి సార్లు చదువుతాంటే, లోపల కూర్చుని లెక్కపెట్టేదాన్ని, ఎప్పుడు నోరు తెరిచి చెప్తావా అని." చెంగుతో మెట్టు తుడిచి, పక్కకు జరిగి కూర్చుంది. "నేను ఈ కాగితం ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఇప్పుడు చదువు. మొదటి నుంచి. అత్తలు లేకుండా."

ఆమె పక్కన కూర్చుని చదివాను. సిస్టరమ్మ గొంతు రాలేదు, నా గొంతే వచ్చింది. విప్పే పద్ధతి, కడిగే పద్ధతి, నూనె వేసే చోటు. ఐదో వరుస చదివాను. ఆరు, ఏడు, ఎనిమిది చదివాను. ఆఖరి వరుసలో, పరికరమును శుభ్రపరచిన తరువాత పొడిగా ఉండు చోట భద్రపరచవలెను అని ఉంది.

"పొడి చోటు యాడుండాది ఇప్పుడు," అంది రామేశ్వరమ్మ, సందంతా ఒకసారి చూసి. కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడత పెట్టి, మళ్లీ గులాబి కాగితంలో చుట్టింది.